ఎలుక ఏ పేరాలో ఉంది?

"అక్కా, మాది హిందూపురం. బెంగళూరులో బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడాది. నాలుగేళ్లూ వృథా అయ్యాయనిపిస్తోంది. ల్యాబ్‌లో కూర్చుంటే మనసు నిలవడం లేదు, రాస్తూ కూర్చుంటే మాత్రం టైమ్ తెలియడం లేదు. పీహెచ్‌డీ వదిలేసి, తెలుగులో రాసే సైన్స్ జర్నలిస్టు అయిపోదామని ఉంది. నాన్న రిటైరైన ఫిజిక్స్ టీచరు. 'ఇంత చదివి పేపర్లో వార్తలు రాసుకుంటావా' అంటున్నారు. ఈ పని చేసి బతకొచ్చా? నాకు సరిపడుతుందా? జర్నలిజం కోర్సు చేయాలా? నేను రాసిన ఒక వ్యాసం కూడా పంపిస్తున్నాను. చదివి మొహమాటం లేకుండా చెప్పండి."

చెల్లీ,

అక్కా అని మొదలుపెట్టావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తాను, మీరు గీరు అంటే ఇద్దరికీ ఇబ్బందే. నీ ఉత్తరం కంటే ముందు నీ వ్యాసం చదివాను. ఇది నాకున్న పాడు అలవాటు. ఉత్తరాలు అందరూ బాగానే రాస్తారు, ఎవరి సంగతి ఏమిటో వ్యాసంలో బయటపడుతుంది.

తెలుగు బాగుంది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే బాగుంది. కణం పొరలో సోడియం, పొటాషియం రాకపోకల గురించి చెబుతూ 'ముగ్గురు బయటికి పోతే గానీ ఇద్దరు లోపలికి రాలేని పెళ్లింటి గుమ్మం' అన్నావు చూడు, ఇరవై ఏళ్లుగా రాస్తున్నా నాకు ఆ పోలిక తట్టలేదు. కాస్త కుళ్లుకున్నాను కూడా.

కానీ వ్యాసం మొత్తం మీద ఒక్క ప్రశ్న లేదు. మీ ల్యాబ్‌లో జరిగిన పని గురించి నువ్వే రాశావు. మీ గైడ్‌ను 'ప్రముఖ శాస్త్రవేత్త' అన్నావు. కణితి 70 శాతం తగ్గిందన్నావు. ఎన్ని ఎలుకల్లో తగ్గింది? వ్యాసంతో పాటు నువ్వు పంపిన మీ ల్యాబ్ పరిశోధన పేపరే తెరిచి చూశాను, గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో ఉంది, గుంపుకి ఆరు. ఆరు ఉండటం తప్పేం కాదు, తొలిదశలో చాలా ల్యాబుల్లో అంతే ఉంటాయి. కానీ ఆ ఆరు నీ వ్యాసంలోకి రాలేదు. అసలు ఎలుక అన్న మాటే తొమ్మిదో పేరాలో గానీ కనబడలేదు. చివర్లో 'త్వరలోనే రోగులకు అందుబాటులోకి రానుంది' అని ముగించావు. ఆ త్వరలో అన్నది ఎవరు? మీ గైడా, నువ్వా?

కోపం తెచ్చుకోకు. ఆ తొమ్మిదో పేరా ఎలుకతో నాకు పాత లెక్క ఒకటి ఉంది.

2004 సంగతి. అప్పట్లో నేను ఇక్కడ బెంగళూరు నుంచి ఒక తెలుగు పత్రికకి వారానికో సైన్స్ ఐటెమ్ పంపేదాన్ని. ఊళ్లోని ఒక ల్యాబ్‌లో ఏదో మొక్క నుంచి తీసిన పదార్థంతో ఎలుకల్లో కణితులు తగ్గాయని తెలిసి, వెళ్లి మాట్లాడి, రాసి పంపాను. హెడ్డింగ్ 'క్యాన్సర్‌కు కళ్లెం'. నేను పెట్టింది కాదు, కానీ పేపర్లో చూసుకుని మురిసిపోయిన మాట నిజం, అక్కకి ఒకటి, అమ్మకి ఒకటి జిరాక్సులు కూడా పంపించాను. తర్వాత ఎనిమిది రోజులకు ఆ శాస్త్రవేత్త నుంచి ఫోను. 'మీ వాళ్లెవరో గేటు దగ్గరకు వచ్చి కూర్చున్నారు, నాకు తెలుగు రాదు, మీరు రాసిందే చేతిలో పెట్టుకుని ఉన్నారు, మీరే వచ్చి చెప్పండి' అని.

ఆటో ఎక్కి వెళ్లాను. సెక్యూరిటీ గది పక్కన సిమెంటు బెంచీ మీద అరవై ఏళ్ల పెద్దాయన. నరసరావుపేట దగ్గర పల్లెటూరు, రాత్రి రైలెక్కి వచ్చారు. ఒళ్లో ఆస్పత్రి ఫైలు, దానిమీద పాల ప్యాకెట్ కవరులో మడిచి పెట్టిన నా కటింగ్. నా పేరు కింద ఎర్ర బాల్‌పెన్నుతో గీత గీసి ఉంది. ఎవరినడగాలో మర్చిపోకుండా గీసుకున్నారట. జబ్బు ఆయన భార్యకి. నేను నిలబడే చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో కూర్చున్నాను. ఇది ఎలుకల్లోనే చేశారండీ, మనుషులకి ఇవ్వడానికి ఇంకా ఏళ్లు పడుతుందండీ, అసలు ఇవ్వగలరో లేదో కూడా తెలియదండీ అని. ఆయన అంతా విని, 'ఎలుకలకి ఇచ్చారు కదమ్మా, మాకూ ఇవ్వొచ్చు కదా, సంతకం పెడతాం' అన్నారు.

ఆ మాటకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. కాఫీ తాగించి, మధ్యాహ్నం దాకా ఆయనతోనే ఉండి, స్టేషన్‌కి తీసుకెళ్లి టికెట్టు కొన్నాను. డబ్బులిస్తానంటే వద్దన్నాను. కటింగ్‌ను ఆయన పారేయలేదు, మళ్లీ అదే కవరులో మడతలు చెదరకుండా పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి నేను పంపిన కాపీ తీసి చూసుకున్నాను. 'ఎలుకల్లో' అన్న మాట ఆరో పేరాలో ఉంది. పేజీలో నాలుగు పేరాలకే చోటుంది, డెస్కు వాళ్లు కింద నుంచి కోశారు. చోటు చాలకపోతే కింద నుంచి కోయడమే వాళ్ల పని, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎలుకని కోతపడే చోట పెట్టింది నేను.

అందుకని నీ వ్యాసంలో మొదట వెతికింది ఎలుకని.

నీ అసలు ప్రశ్నకి వస్తున్నాను. 'రాస్తూ కూర్చుంటే టైమ్ తెలియడం లేదు' అన్నావు. రాయడం ఇందులో చిన్న భాగం, నా లెక్కలో పావు వంతు కూడా ఉండదు. మిగతాదంతా ఫోన్లు చేయడం, ఎత్తని ఫోన్లకి మళ్లీ చేయడం, పేపర్లు చదవడం, ఇంకో శాస్త్రవేత్తని పట్టుకుని 'మీరు ఇందులో లేరు కదా, మీకేమనిపిస్తోంది' అని అడగడం. సైన్స్‌ను ముచ్చటగా విడమరిచి చెప్పడం వేరే విద్య, అదీ గొప్పదే, దానికి మన తెలుగులో మంచి సంప్రదాయమే ఉంది. జర్నలిజం అంటే మాత్రం అడగడం. నువ్వు ఎంతో గౌరవించే మనిషిని ఆయనకి నచ్చని ప్రశ్న అడగాలి, ఆయన ముఖం మాడ్చుకున్నా జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకూడదు. అది నీకు సరదాగా ఉంటుందా, కడుపులో తిప్పుతుందా అన్నది నువ్వే చూసుకోవాలి. నాకు మొదటి ఐదేళ్లూ తిప్పింది.

అడగడం అంటే ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. 2019 సెప్టెంబరు 7, తెల్లవారితే శనివారం. పీణ్యలో ఇస్రో వాళ్ల కంట్రోల్ కేంద్రం ఇస్ట్రాక్‌లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ దిగడం చూడ్డానికి వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. రాత్రి రెండు దాటాక అప్పటి ఇస్రో ఛైర్మన్ శివన్ చెప్పింది రెండు మూడు వాక్యాలు: 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా అనుకున్నట్టే నడిచింది, ఆ తర్వాత సంకేతాలు ఆగిపోయాయి. చుట్టూ చాలామంది కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను, అది మన బెంగళూరు వాళ్లకి ఇంటి సంగతిలాంటిది కదా, వీధికొకరు ఇస్రోలో పనిచేసే వాళ్లుంటారు. కానీ ఆ తర్వాత వారాల తరబడి మా పని ఒక్కటే, ఏం జరిగింది, ఏం జరిగింది అని అడుగుతూ ఉండటం. నవంబరులో పార్లమెంటులో రాతపూర్వకంగా జవాబొచ్చింది, దిగే రెండో దశలో వేగం తగ్గడం లెక్క తప్పి, దిగాల్సిన చోటుకి 500 మీటర్ల లోపే గట్టిగా తాకిందని. ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపు ఇచ్చాయని, తేడాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయని, దిగడానికి ఇచ్చిన చోటు 500 మీటర్ల గడి మాత్రమే కావడంతో సర్దుకునే వీలు చిక్కలేదని వివరంగా విన్నది 2023లో, చంద్రయాన్-3 ఎగరబోయే ముందు, అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ నోట. ఈసారి ఆ గడిని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి దిగింది, ఆ రోజు స్వీట్లు పంచిన వాళ్లలో ఎంతమందికి ఆ గడి కథ తెలుసో మరి. నాకైతే దిగిన వార్తకంటే ఆ గడి పెద్దదైన వార్తే ఎక్కువ ఇష్టం.

మధ్యలో ఇంకో సంగతి. విక్రమ్ ముక్కలు ఎక్కడ పడ్డాయో మొదట పట్టుకున్నది చెన్నైలో ఉద్యోగం చేసుకునే ఇంజనీరు, షణ్ముగ సుబ్రమణియన్. నాసా అందరికీ అందుబాటులో పెట్టిన చంద్రుడి ఫోటోలు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, తేడాగా ఉన్న చుక్క ఏదో వెతికాడు. డిసెంబరు మొదట్లో నాసా అతని పేరు చెప్పి మరీ నిజమేనంది. ఆ ఫోటోలు నా కంప్యూటర్‌కీ వచ్చేవే, ఎవరూ దాచలేదు. నేను చూడలేదు, అంతే.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, నీ దగ్గర ఉండి నా దగ్గర లేనిది ఒకటుంది. నేను బీఎస్సీ కెమిస్ట్రీతో ఆపేసి డెస్కులో చేరినదాన్ని, గ్రాఫు చూస్తే కింద రాసింది చదువుతాను. నువ్వు గ్రాఫునే చదవగలవు. 2018 జులైలో ఇక్కడే ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) నుంచి ఇద్దరు ఒక ప్రీప్రింట్ (జర్నల్ పరీక్షించకముందే బయటపెట్టే పేపరు) పెట్టారు, వెండి, బంగారం కలిపిన అతిసూక్ష్మ రేణువుల్లో సూపర్‌కండక్టివిటీ, అంటే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారడం, కనబడిందని, అదీ మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మామూలుగా దీనికి అంతకంటే ఘోరమైన చలి కావాలి కాబట్టి ప్రపంచమంతా చెవులు నిక్కబొడుచుకుంది. వార్తలు రాసేశాం అందరం. ఆగస్టులో అమెరికాలో ఒక భౌతిక శాస్త్రవేత్త ఆ గ్రాఫును దగ్గరగా చూస్తే, రెండు వేర్వేరు కొలతల్లో చుక్కల చెదురు, అంటే ఎవరి చేతిలోనూ లేకుండా అడ్డదిడ్డంగా ఉండాల్సిన చెదురు, ఒకే తీరుగా ఉంది. ఎందుకలా ఉందని అడిగాడు. ఆ శాస్త్రవేత్తలు మరుసటి ఏడాది ఎక్కువ డేటాతో పేపర్ని సవరించి పెట్టారు, అది వేరే పెద్ద కథ. ఆ గ్రాఫు నేనూ చూశాను. పై గీతా కింద గీతా కనబడ్డాయి గానీ చుక్కలు కనబడలేదు. నీకు కనబడి ఉండేవేమో.

నాలుగేళ్లు ల్యాబ్‌లో వృథా అయ్యాయని రాశావు కదా, వృథా కాలేదు. ఈ పనికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నా బతుకే సాక్ష్యం, కానీ ఆ కన్ను మాత్రం కావాలి, అది కాలేజీలో నేర్పరు.

మరి వదిలేయాలా? ఇంకా ఏడాదో ఏడాదిన్నరో అయితే చేసేయ్ అంటాను, పట్టా కోసం కాదు, మధ్యలో వదిలేసిన పని గురించి ఇంటర్వ్యూల్లో, పెళ్లిళ్లలో, బస్సుల్లో పదేళ్లు జవాబు చెప్పుకుంటూ తిరగడం విసుగు కాబట్టి. మూడేళ్లు మిగిలి ఉండి, డేటా ఏమీ తేలక, గైడ్ మాట్లాడటం మానేస్తే అది వేరే లెక్క. కానీ ఒక్కటి. ల్యాబ్ మీద విసుగును రాయడం మీద ప్రేమ అనుకుంటున్నావేమో ఒకసారి చూసుకో. రెండూ కలిసి ఉండొచ్చు. నువ్వు ఉత్తరంలో (పైన కుదించి వేశాను) ల్యాబ్ గురించి ఒక పేజీ రాశావు, జర్నలిజం గురించి నాలుగు లైన్లు. నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం లాంటివి ఉంటే (నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నాను) దానికి డాక్టరు దగ్గరకు వెళ్లాలి, ఉద్యోగం మార్చుకుంటే పోదు. మీ క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉంటారు, సిగ్గుపడకుండా వెళ్లు.

ఇక డబ్బులు. నాన్న అడిగిన ప్రశ్నలో అసలు సంగతి ఇదే, పరువు అన్నది పైకి చెప్పే మాట. ఇప్పుడు నీకు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 42 వేలు, హెచ్ఆర్ఏ వేరే. ఏదైనా పత్రికలోనో వెబ్‌సైట్‌లోనో చేరితే మొదట్లో అంత రాకపోవచ్చు, ముందే తెలిసి ఉండటం మంచిది. తెలుగు పత్రికల్లో సైన్స్‌కని విడిగా రిపోర్టర్‌ని పెట్టుకోవడం ఎప్పుడో గానీ కనబడదు, హెల్త్ బీట్ చూసే వాళ్లే ఇస్రో కూడా చూసేస్తారు, ప్రయోగం ఉన్న రోజు తప్ప మిగతా రోజుల్లో సైన్స్ ఎవరికీ గుర్తుండదు. ఫ్రీలాన్స్ అయితే ఇంగ్లీషులో మాటకింత అని ఇస్తారు, తెలుగులో వ్యాసానికింత అని ఇస్తారు, ఆ రెండింటి మధ్య తేడా చెబితే ఏడుస్తావు. డబ్బులు రెండు మూడు నెలలకి వస్తాయి, అదీ గుర్తు చేస్తే. చాలాచోట్ల పది శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తారు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి, ఇది నాకు ఎవరూ చెప్పక మొదటి మూడేళ్లు వదిలేశాను. అకౌంట్లో ఎప్పుడూ ఆరు నెలల అద్దె, తిండి ఖర్చు పెట్టుకుని గానీ ఫ్రీలాన్స్‌లోకి దూకకు. నేను 2012లో దూకినప్పుడు నాలుగు నెలలదే ఉంది, ఐదో నెలలో గాజులు కుదువ పెట్టాను.

అయినా బతకొచ్చు. నేను బతుకుతున్నాను. కాకపోతే నా ఇంట్లో అన్నం పెట్టేది వార్తలు కాదు, వాటి చుట్టూ ఉండే పనులు. అనువాదాలు, పరిశోధకుల పేపర్లకి ఇంగ్లీషు దిద్దడం, మ్యూజియం బోర్డుల మీద రాతలు, సంస్థల వార్షిక నివేదికలు. ఇందులో ఒక మెలిక ఉంది. ఏ సంస్థ దగ్గర డబ్బు తీసుకుంటానో ఆ సంస్థ గురించి వార్త రాయను. నోట్‌బుక్ అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో ఆ పేర్లు రాసి పెట్టుకుంటాను, ఏ పని ఎప్పుడు ముగిసిందో పక్కన తేదీతో. ఒక్కోసారి ఆ జాబితా పొడుగై, రాయడానికి ఊళ్లో ఎవరూ మిగలరేమో అనిపిస్తుంది, అప్పుడు చెన్నై మీద పడతాను.

పెద్ద పరిశోధనా సంస్థల్లో చాలావాటికి ఇప్పుడు కమ్యూనికేషన్స్ ఆఫీసులున్నాయి, నీలాగా ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లని సంతోషంగా తీసుకుంటారు, నెల జీతం ఠంచనుగా వస్తుంది. మంచి ఉద్యోగం. నాన్నకి చెప్పుకోవడానికీ బాగుంటుంది. కాకపోతే అక్కడ నువ్వు ఆ ఇంటి మనిషివి, ఇంట్లో ఉప్పు ఎక్కువైన సంగతి వీధిలో చెప్పలేవు. నువ్వు పంపిన వ్యాసం చూస్తే నీకు అదే నప్పుతుందేమో అని కూడా అనిపించింది, తక్కువ చేసి అనడం లేదు. తేల్చుకోవలసింది నువ్వు.

జర్నలిజం కోర్సు చేయాలా అని అడిగావు. బెంగళూరులో ఐఐజేఎన్ఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జర్నలిజం అండ్ న్యూ మీడియా) ఉంది, చెన్నైలో ఏసీజే, అంటే ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది (అది 1994లో ఇక్కడే మొదలై 2000లో చెన్నైకి తరలిపోయింది, మనవాళ్లు ఇప్పటికీ బాధపడతారు). రెండింటిలోనూ ఏడాది డిప్లొమా ఉంటుంది. రిపోర్టింగ్ క్రమశిక్షణ, పరిచయాలు, మొదటి ఉద్యోగం, వీటికి పనికొస్తాయి. ఫీజు మాత్రం బరువే, స్కాలర్‌షిప్ దొరికితే వెళ్లు, అప్పు చేసి వెళ్లకు.

పని ఎలా ఉంటుందో చిన్న రుచి చూపిస్తాను. పెద్ద జర్నళ్లు వార్తని ముందే మాకు పంపి, ఫలానా టైమ్ దాకా బయటపెట్టొద్దంటాయి, దీన్ని ఎంబార్గో అంటాం. నేచర్‌ది బుధవారం లండన్‌లో సాయంత్రం 4 గంటలు, మనకి చలికాలంలో రాత్రి తొమ్మిదిన్నర, వేసవిలో ఎనిమిదిన్నర. సైన్స్ పత్రికది అమెరికా టైమ్, మనకి చలికాలంలో గురువారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర. ఇరవై ఏళ్లుగా నా గురువారాలు ఇలాగే పోయాయి. సి.వి. రామన్ అయితే ఈ గొడవలేమీ పెట్టుకోలేదు, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఎఫెక్ట్ కనుక్కుని మర్నాడే పత్రికలకు చెప్పేశారు, మార్చి 16న మన బెంగళూరు సెంట్రల్ కాలేజీకి వచ్చి ఉపన్యాసం కూడా ఇచ్చేశారు.

శాస్త్రవేత్తలు 'అచ్చయ్యే ముందు ఒకసారి నాకు చూపించండి' అంటారు. మీ గైడ్ కూడా అంటారు. ఆయన చెప్పిన మాటలు సరిగా రాశానా, అంకెలు సరిగా ఉన్నాయా అని ఫోన్లో చదివి వినిపించు, అది మంచి పద్ధతే, తప్పులు దొరుకుతాయి. కాపీ మొత్తం పంపకు. పంపితే 'ప్రముఖ' అన్నది 'అంతర్జాతీయ ఖ్యాతి పొందిన' అయి తిరిగొస్తుంది, బయటి శాస్త్రవేత్త వేసిన అనుమానం మాయమై వస్తుంది.

తెలుగులో రాస్తానంటున్నావు కాబట్టి అంకెల గురించి ఒక మాట. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఇదేం పెద్ద విషయం అనుకోకు, రాత్రి పదకొండుకి డెడ్‌లైన్ పెట్టుకుని మార్చి చూడు. 2023 సెప్టెంబరులో ఆదిత్య-ఎల్1 ఎగిరినప్పుడు నేను ఒక చోట 15 కోట్ల కిలోమీటర్లు అని కొట్టాను. ఆదిత్య వెళ్లేది 15 లక్షల కిలోమీటర్లు, సూర్యుడు ఉన్నది సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అంటే అది సూర్యుడి వైపు నూరింట ఒక వంతు దూరం వెళ్లి అక్కడే ఆగి చూస్తుంది, నేను ఏకంగా సూర్యుడిలోకి తోసేశాను. పన్నెండేళ్ల కుర్రాడొకడు మెయిల్ పెట్టాడు, 'మేడమ్, కాలిపోదా?' అని. కాంతి సంవత్సరం అని రాస్తే చాలామంది కాలం అనుకుంటారు, దూరం అని ప్రతిసారీ చెప్పాలి, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లని. అలాగే 'రుజువైంది' అన్న మాట. డెస్కు వాళ్లకి అది ప్రాణం. నువ్వు 'ఆధారం దొరికింది' అని రాస్తే కొట్టేసి 'రుజువైంది' అని పెడతారు, నువ్వు మళ్లీ ఫోన్ చేసి మార్పించాలి, వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

శాతాలూ అంతే. పది వేల మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఏదో మందు వల్ల ఒకరికే వచ్చిందనుకో. ముప్పు 50 శాతం తగ్గింది అని రాయొచ్చు, అబద్ధం కాదు. పది వేలలో ఒకరికి మేలు జరిగింది అని రాయొచ్చు, అదీ నిజమే. చదివే మనిషి జేబులోంచి డబ్బు తీసేది మొదటి వాక్యానికి, అందుకే కంపెనీల ప్రకటనల్లో ఎప్పుడూ మొదటిదే ఉంటుంది. నీ వ్యాసంలో ఉన్న 70 కూడా ఆ జాతిదే.

నాన్న సంగతి. ఆయనతో వాదించకు. ఫిజిక్స్ టీచరు కదా, ఈసారి హిందూపురం వెళ్లినప్పుడు నువ్వు రాసింది ఆయనకు పైకి చదివి వినిపించు, చేతికివ్వకు, చదివి వినిపించు. ఆయన 'ఆగాగు' అన్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకో. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, ఎక్కడ అర్థం కావడం లేదో, ఎక్కడ దాటేస్తున్నావో మా ఎడిటర్లకంటే ముందు పట్టుకుంటారు. ఒకసారి తప్పులు దిద్దడం మొదలుపెడితే 'వార్తలు రాసుకుంటావా' అనే మాట ఎంతకాలం అంటారో చూద్దాం. నన్ను మా నాన్న అలాగే వదిలిపెట్టారు, పోయేదాకా నా వ్యాసాల్లో అచ్చుతప్పులు గీసి పోస్టు చేసేవారు.

ఇప్పుడు నీకో పని పెడతాను, వదలడం ఉండటం తర్వాత చూద్దాం. మీ ల్యాబ్ కానిది, మీ సంస్థ కూడా కానిది, ఒక కొత్త పేపరు తీసుకో. దొరక్కపోతే ఐసీటీఎస్ (ఇక్కడి పరిశోధనా సంస్థ) వాళ్లు జనం కోసం పెట్టే 'కాపీ విత్ క్యూరియాసిటీ' (కాపీ అంటే కాఫీయే) ఉపన్యాసానికో, ప్లానెటోరియంలో జరిగే ఉపన్యాసానికో వెళ్లు, అయిపోయాక టీ దగ్గర నిలబడు, కథలన్నీ హాల్లో కాదు టీ దగ్గరే దొరుకుతాయి. పేపరు రాసినవాళ్లతో మాట్లాడు, అందులో లేని, ఆ రంగం తెలిసిన ఇంకొకరితో మాట్లాడు. డబ్బు ఎవరిచ్చారో చూడు, పేపరు చివర్లో ఉంటుంది. ఎన్ని ఎలుకలు, ఎంతమంది మనుషులు, ఎన్ని రోజులు అన్నవి మొదటి రెండు పేరాల్లో చెప్పు. ఎనిమిది వందల మాటలు దాటొద్దు. నెల రోజులు టైమ్. పేపరు రాసిన శాస్త్రవేత్తకి నచ్చని ప్రశ్న కనీసం ఒకటి అడిగి, ఆయన ఏమన్నారో కూడా నాకు విడిగా రాయి, వ్యాసంకంటే అది ఎక్కువ ఆసక్తిగా చదువుతాను.

ఆ పెళ్లింటి గుమ్మం మాత్రం తీసేయకు, ఇంకో వ్యాసానికి దాచిపెట్టుకో. ఈసారి పంపేటప్పుడు వర్డ్ ఫైలే పంపు, పీడీఎఫ్‌లో నాకు దిద్దడం రాదు.

ఉంటాను,
అక్క